అంగన్‌వాడీలో పూర్వప్రాథమిక విద్య: సార్వత్రికతపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వ వ్యయంతో, రుసుము లేకుండా పూర్వప్రాథమిక విద్యను అందించే ప్రధాన వ్యవస్థ మన దేశంలో అంగన్‌వాడీ. 1975లో 33 ప్రాజెక్టులతో మొదలైన ఈ వ్యవస్థ నేడు సుమారు 14 లక్షల కేంద్రాలకు విస్తరించింది. కేంద్రాల సంఖ్యలో సాధించిన ఈ సార్వత్రికత చదువులో ఎందుకు కనిపించడం లేదన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. చట్టాల భాష, పథకంలోని పని విభజన, కార్యకర్త హోదా అనే మూడు కోణాల నుంచి ఈ ప్రశ్నను పరిశీలించి, లోపం కార్యకర్త శ్రద్ధలో కంటే పథకం నిర్మాణంలోనే ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంగన్‌వాడీ, పూర్వప్రాథమిక విద్య, సార్వత్రికత, విద్యాహక్కు, గౌరవ వేతనం, శిశువికాసం.

1. ఉపోద్ఘాతం:

అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు, అన్నం పెడతారు గానీ చదువు చెప్పరన్న మాట తెలుగు పల్లెల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ మాట అనే తల్లిదండ్రులు కాస్త వెసులుబాటు ఉంటే బిడ్డకు నాలుగో ఏడు రాగానే ప్రైవేటు బడిలో ఎల్‌కేజీకి పంపుతారు. వెసులుబాటు లేనివారు అంగన్‌వాడీలోనే ఉంచుతారు. ఈ విధంగా అందరికోసం ఏర్పడిన వ్యవస్థ క్రమంగా మరో దారి లేనివారి వ్యవస్థగా మిగిలిపోతున్నది. ఒక ప్రజావ్యవస్థకు ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. కలిగినవారు విడిచి వెళ్లిన బడిని నిలదీసి అడిగే గొంతులు తగ్గుతాయి. అడిగేవారు తగ్గిన కొద్దీ అది మరింత బలహీనపడుతుంది.

చదువు చెప్పరన్న ఫిర్యాదులో నిజం ఉంది. అయితే ఆ ఫిర్యాదు సాధారణంగా కేంద్రంలో కూర్చున్న కార్యకర్త మీదికే వెళ్తుంది. పర్యవేక్షణ నివేదికలు, తనిఖీలు, శిక్షణ తరగతులు కూడా ఎక్కువగా ఆమెనే సరిదిద్దాలని చూస్తాయి. ఫిర్యాదు సరైనదే గానీ అది చేరవలసిన చోటు వేరన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఇది క్షేత్ర సర్వే కాదు. పథకం స్వరూపాన్ని, రాజ్యాంగ సవరణలను, చట్టాలను, సుప్రీంకోర్టు తీర్పులను, ప్రచురితమైన కొన్ని పరిశోధన ఫలితాలను కలిపి చదివే ప్రయత్నం.

'సార్వత్రికత' అనే మాటను ఇక్కడ మూడు అర్థాల్లో వేరుచేసి చూడవలసి ఉంది. మొదటిది, ప్రతి ఆవాసానికీ కేంద్రం చేరడం. రెండోది, ప్రతి బిడ్డకూ ఆ సేవ మీద చట్టబద్ధమైన హక్కు ఉండడం. మూడోది, ఏ కేంద్రంలో చేరినా బిడ్డకు దక్కే చదువు ఒక కనీస ప్రమాణానికి తగ్గకపోవడం. ప్రభుత్వ పత్రాలు ఈ మూడింటినీ ఒకే మాటతో చెబుతాయి. చర్చలో కలిగే అయోమయానికి మూలం ఇక్కడే ఉంది.

2. అంగన్‌వాడీ - పేరు వెనుక ఉన్న భావన:

'అంగన్' అంటే ముంగిలి, ఇంటి ముందరి ఆవరణ. ఈ పేరుకు విద్యాచరిత్రలో ఒక స్థానం ఉంది. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించారు. అక్కడ ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీకి వెళ్లి గ్రామీణ బాలవాడీ పనిని ప్రారంభించారు. తరువాత ఆమె, అనుతాయి వాఘ్ కలిసి కోస్‌బాడ్‌లో వర్లీ ఆదివాసీ పిల్లల మధ్య ఈ పనిని కొనసాగించారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల ముంగిటికి వెళ్లాలన్నది వారి ఆలోచన. ఖరీదైన మాంటిస్సోరి పరికరాల స్థానంలో గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్లు బోధనోపకరణాలయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. అంగన్‌వాడీ అనే భావన పుట్టుకలో విద్యాసంబంధమైనది. పిల్లల శుభ్రత, ఆరోగ్యం, ఆహారం అందులో భాగాలే అయినా, బిడ్డ ఆటలోంచి నేర్చుకోవడం దాని కేంద్రం. ప్రభుత్వ పథకం ఈ పేరును స్వీకరించింది గానీ కేంద్రస్థానాన్ని మార్చింది. పోషకాహార లోపం, శిశుమరణాలు తీవ్రంగా ఉన్న 1970లలో ఆ మార్పుకు బలమైన కారణం ఉంది. దాన్ని తప్పుపట్టడం చరిత్రను విస్మరించడమే అవుతుంది. ఆ తరువాత అర్ధశతాబ్దం గడిచినా విద్య అంచునే ఉండిపోవడమే విమర్శకు లోనుకావలసిన విషయం.

3. పథకం నడిచే తీరు:

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. దీని కింద ఆరు సేవలున్నాయి. అవి: అనుబంధ పోషకాహారం, పూర్వప్రాథమిక అనియత విద్య, పోషకాహార ఆరోగ్య విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పైస్థాయి వైద్యానికి పంపడం. చివరి మూడూ వైద్య ఆరోగ్య శాఖ సిబ్బంది ద్వారా జరుగుతాయి. అయినా పిల్లల్నీ తల్లుల్నీ సమీకరించడం, జాబితాలు సిద్ధం చేయడం అంగన్‌వాడీ బాధ్యతే.

లబ్ధిదారుల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒక వర్గం మాత్రమే. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఉన్న పిల్లలు, గర్భిణులు, బాలింతలు మిగతావారు. వీరందరికీ కేంద్రంలో ఉండేది ఒక కార్యకర్త, ఒక ఆయా. వీరిపైన సూపర్‌వైజర్, ఆ పైన ప్రాజెక్టు అధికారి ఉంటారు. సాధారణంగా 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం అన్నది మైదాన ప్రాంతాల ప్రమాణం.

ఒక కార్యకర్త దినచర్యను ఊహించడం కష్టమేమీ కాదు. సరుకుల నిల్వ చూసుకోవాలి. ఆయాతో వంట చేయించాలి. గర్భిణులకు, బాలింతలకు భోజనం లేదా రేషన్ అందించాలి. పిల్లల్ని తూచాలి, ఎత్తు కొలవాలి. గృహసందర్శనకు వెళ్లాలి. టీకాల రోజున తల్లులను పిలవాలి. వీటన్నిటినీ నమోదు చేయాలి. 2012 ప్రాంతంలో సవరించిన సమాచార విధానంలో ఆమె నిర్వహించవలసిన రిజిస్టర్లు 11. 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ అనే మొబైల్ అప్లికేషన్ వచ్చింది. వీటికి తోడు సర్వేలు, ఎన్నికల విధులు ఆమె దగ్గరికే వస్తాయి.

ఆ 11 రిజిస్టర్లలో పూర్వప్రాథమిక విద్యకు ఒకటి ఉంది. అందులో నమోదయ్యేది ప్రధానంగా హాజరు. ఆహారానికి సంబంధించి ఎంత సరుకు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరికి చేరింది అన్న వివరాలు రోజువారీగా ఉంటాయి. బరువుకు వేరే రిజిస్టరు ఉంది. బిడ్డ ఈ నెలలో ఏ కథ విన్నది, ఏ మాట కొత్తగా పలికింది, ఎంతవరకు లెక్కించగలిగింది అన్న ప్రశ్నలకు అక్కడ చోటు దొరకదు. పైఅధికారి దేన్ని అడుగుతాడో కిందిస్థాయి ఉద్యోగి ముందుగా దాన్నే చేస్తుంది. ఇది ఏ కార్యాలయంలోనైనా కనిపించే సహజ ధర్మం. కాబట్టి లెక్క అడిగే పనులన్నీ పూర్తయ్యాక మిగిలిన కాలమే చదువుకు దక్కుతున్నది.

4. చట్టాల భాష - 'ఇవ్వాలి', 'చేయవచ్చు':

అంగన్‌వాడీలో బిడ్డకు దక్కే ఆహారానికీ చదువుకూ మధ్య ఉన్న తేడా చట్టాల క్రియాపదాల్లోనే కనిపిస్తుంది.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు ప్రతి బిడ్డకూ స్థానిక అంగన్‌వాడీ ద్వారా వయసుకు తగిన ఉచిత ఆహారం పొందే హక్కు ఉంది. సాధారణ స్థితిలో ఉన్న బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని షెడ్యూలులో ప్రమాణం పెట్టారు. హక్కుగా రావలసిన ఆహారం అందకపోతే ఆహార భద్రతా భృతి పొందే ఏర్పాటు కూడా అదే చట్టంలో ఉంది.

2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలను ప్రాథమిక విద్యకు సిద్ధం చేయడం గురించి చెబుతుంది. అక్కడ ప్రభుత్వం ఉచిత పూర్వప్రాథమిక విద్యకు తగిన ఏర్పాట్లు 'చేయవచ్చు' అని మాత్రమే ఉంది. ప్రమాణం, గడువు, అందకపోతే పరిహారం - ఏదీ లేదు. అన్నం అందకపోతే ఆ కుటుంబం ప్రశ్నించడానికి చట్టం తోడుంటుంది. ఏడాదంతా ఒక్క కథ చెప్పకపోయినా ప్రశ్నించడానికి ఆధారం ఉండదు.

ఈ స్థితి మొదటి నుంచీ లేదు. రాజ్యాంగం అసలు 45వ అధికరణం పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని, అందుకు పదేళ్ల గడువును పేర్కొన్నది. కింది వయోపరిమితిని అది చెప్పలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్యాహక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమని ప్రకటించింది. వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజు వివాదంలోంచి వచ్చిన ఈ తీర్పు కూడా ఆరేళ్ల లోపు పిల్లలను వేరుచేయలేదు.

2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ ఈ వయసును రెండుగా చీల్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు 21-ఎ అధికరణం కింద ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, విద్య కొత్త 45వ అధికరణంలో ఆదేశసూత్రంగా మిగిలింది. విద్యను ప్రాథమిక హక్కుగా చేసిన సవరణగా దీన్ని మనం పాఠాల్లో చెబుతున్నాం. అదే సవరణ ఆరేళ్ల లోపు పిల్లలను ఆ హక్కు వెలుపల నిలబెట్టిందన్న సంగతి కూడా దానితోపాటే చెప్పవలసి ఉంది.

న్యాయస్థానం ద్వారా వచ్చిన సార్వత్రికత కూడా ఆహారం వైపు నుంచే వచ్చింది. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన ఆహార హక్కు కేసులో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఈ పథకాన్ని సార్వత్రికం చేయాలని ఆదేశించింది. 2006 డిసెంబరు 13న కనీసం 14 లక్షల కేంద్రాలను నెలకొల్పాలని, షెడ్యూల్డు కులాల, తెగల ఆవాసాలకు ప్రాధాన్యం ఇవ్వాలని, 40 మంది ఆరేళ్ల లోపు పిల్లలుండి కేంద్రం లేని ఆవాసం కోరితే మూడు నెలల్లో మంజూరు చేయాలని చెప్పింది. దేశంలో అంగన్‌వాడీ నేడు ఉన్న విస్తృతికి ఈ ఆదేశాలే పునాది. మొదటి అర్థంలో సార్వత్రికత ఇలా సిద్ధించింది. రెండో అర్థంలో అది ఆహారానికి మాత్రమే సిద్ధించింది.

5. 'అనియత', 'కార్యకర్త', 'గౌరవ వేతనం' - మూడు మాటల విమర్శ:

పథకం పరిభాషలోని మూడు మాటలు దాని దృక్పథాన్ని పట్టిస్తాయి.

మొదటిది 'అనియత విద్య'. మూడేళ్ల బిడ్డకు పలకా బలపం ఇచ్చి అక్షరాలు దిద్దించకుండా ఆట, పాట, కథల ద్వారా నేర్పాలన్న సద్భావన ఈ మాట వెనుక ఉంది. శిశువిద్యాశాస్త్రం దృష్టిలో అది సరైనదే. పాలనలోకి వచ్చేసరికి మాత్రం ఆ మాటకు వేరే అర్థం ఏర్పడింది. నియతం కానిది కాబట్టి దానికి నిర్ణీత సమయం, శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు, తగిన గది తప్పనిసరి కావు అన్న ధోరణి బలపడింది. నిజానికి ఆటద్వారా నేర్పడానికి పుస్తకం చూసి చెప్పడానికంటే ఎక్కువ సన్నాహం కావాలి. ఇరవైమంది పిల్లలను ఒక కథలో నిలిపి ఉంచడం, వారితో మాట్లాడించడం నైపుణ్యంతో కూడిన పని.

రెండోది 'కార్యకర్త'. ఊళ్లో పిల్లలూ తల్లులూ ఆమెను టీచరమ్మ అంటారు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఆమె చాలాకాలం కార్యకర్తగానే ఉన్నది. 2006లో కర్ణాటక రాష్ట్రం వర్సెస్ అమీర్‌బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలు రాజ్యాంగ అర్థంలో ప్రభుత్వ పదవిని నిర్వహించడం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయి భరియా కేసులో అదే న్యాయస్థానం వారికి 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పునిచ్చింది. ఈ రెండో తీర్పులో ఒక అంశం మన చర్చకు ముఖ్యమైనది. ఆహార భద్రతా చట్టం, విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కింది బాధ్యతలను నెరవేరుస్తున్నవి అంగన్‌వాడీలేనని, అక్కడ జరిగే పూర్వప్రాథమిక బోధన విద్యాకార్యమేనని న్యాయస్థానం గుర్తించింది. పథకం పత్రాలు అంచున పెట్టిన బోధనను, పదవీవిరమణ అనంతర ప్రయోజనం లెక్కించే సందర్భంలో న్యాయస్థానం మధ్యకు తెచ్చింది.

మూడోది 'గౌరవ వేతనం'. 2018 అక్టోబరు నుంచి కేంద్రం నిర్ణయించిన మొత్తం కార్యకర్తకు నెలకు రూ. 4,500, ఆయాకు రూ. 2,250. రాష్ట్రాలు దీనికి తమ వాటా కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కార్యకర్తకు మొత్తం రూ. 11,500, ఆయాకు రూ. 7,000 అయింది. తెలంగాణలో 2021 పెంపు తరువాత అవి రూ. 13,650, రూ. 7,800. స్వచ్ఛందంగా కొంత సమయం ఇచ్చే స్త్రీకి గౌరవసూచకంగా ఇచ్చేది అన్న భావన ఈ పేరులో ఉంది. పూర్తిరోజు పనిచేసే, తనిఖీలకు లోబడే, సెలవుకు అనుమతి అడగవలసిన వ్యక్తికి ఆ పేరు పొసగదు.

ఈ వైరుధ్యం ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగంగానే వ్యక్తమైంది. 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీ ఉద్యోగుల సమ్మె 42 రోజులు సాగింది. కనీస వేతనం, గ్రాట్యుటీ వారి ప్రధాన డిమాండ్లలో ఉన్నాయి. 2024 జనవరిలో ప్రభుత్వం వారి సేవలను అత్యవసర సేవల నిర్వహణ చట్టం పరిధిలోకి తెచ్చింది. వేతనం ఇవ్వవలసినప్పుడు స్వచ్ఛంద సేవ అయిన పని, ఆగిపోయినప్పుడు అత్యవసర సేవ అయింది. ఈ రెండూ ఏకకాలంలో నిజం కాలేవు. ఏది నిజమో తేల్చకుండా ఆ పని నాణ్యతను గురించి మాట్లాడడం సాధ్యం కాదు.

6. కాలం ప్రశ్న - తమిళనాడు ప్రయోగం:

ఆకలితో ఉన్న బిడ్డకు ముందు అన్నం, తరువాతే చదువు అన్న వాదనను తోసిపుచ్చలేం. ఆహారానికి ప్రాధాన్యం ఇచ్చినందువల్లనే పథకం ఇంతకాలం నిలిచింది. అయితే ఈ వాదన వెనుక ఆహారం, విద్య ఒకే పాత్రలోని నీళ్లని, ఒకరికి పోస్తే మరొకరికి తగ్గుతాయన్న ఊహ ఉంది. ఆ ఊహను పరీక్షించిన అధ్యయనం ఒకటి తమిళనాడులో జరిగింది.

అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 320 అంగన్‌వాడీలను తీసుకుని, యాదృచ్ఛిక పద్ధతిలో ఎంపిక చేసిన కొన్ని కేంద్రాలకు పూర్వప్రాథమిక విద్య కోసమే పూటపని చేసే అదనపు ఉద్యోగిని ఒకరిని ఇచ్చి ఫలితాలను పరిశీలించారు. ఆ కేంద్రాల్లో బోధనకు దక్కిన నికర సమయం రెట్టింపయింది. 18 నెలల తరువాత పిల్లల గణిత, భాషా పరీక్షల ఫలితాలు ఇతర కేంద్రాల పిల్లలతో పోలిస్తే వరుసగా 0.29, 0.46 ప్రామాణిక విచలనాల మేర మెరుగుపడ్డాయి. వయసుకు తగిన ఎత్తు లేకపోవడం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. బోధన భారం కొంత తొలగిన పాత కార్యకర్తకు ఆరోగ్య, పోషకాహార పనులకు సమయం దొరికింది.

ఈ ఫలితాల అంతరార్థం స్పష్టంగానే ఉంది. పని పంచినప్పుడు రెండూ బాగుపడ్డాయి. అంటే ఆహారం చదువును వెనక్కి నెట్టడం లేదు. ఒకే మనిషి మీద రెండిటినీ వేసిన ఏర్పాటే రెండింటినీ బలహీనపరుస్తున్నది. పైగా ఆ కేంద్రాల్లో పాత కార్యకర్తలను మార్చలేదు. మారింది సమయం. పోషకాహార పథకాల నిర్వహణలో తమిళనాడుకు ఉన్న దీర్ఘానుభవం దృష్ట్యా ఇదే పరిమాణంలో ఫలితం తెలుగు రాష్ట్రాల్లోనూ వస్తుందని ముందే చెప్పలేం. కానీ ప్రశ్నను ఎక్కడ వేయాలో ఈ అధ్యయనం చూపింది.

7. సార్వత్రికతకు మరో నమూనా - ఓక్లహోమా:

మూడో అర్థంలో సార్వత్రికత, అంటే చదువు ప్రమాణానికి హామీ ఇవ్వడం, ఎలా ఉంటుందో చూడడానికి అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం ఉపకరిస్తుంది. 1998లో ఆ రాష్ట్రం నాలుగేళ్ల పిల్లలందరికీ ప్రభుత్వ నిధులతో పూర్వప్రాథమిక విద్యను తెరిచింది. అంతకు మూడేళ్ల ముందే జార్జియా రాష్ట్రం లాటరీ ఆదాయంతో ఇటువంటి ఏర్పాటు చేసింది. ఓక్లహోమా మార్గం వేరు. అక్కడ నాలుగేళ్ల బిడ్డను బడి నిధుల సూత్రంలోనే లెక్కించారు. ఎంతమంది పిల్లలు చేరితే ఆ మేరకు పాఠశాల జిల్లాకు నిధులు వస్తాయి. ఉపాధ్యాయురాలికి పట్టభద్రత, శిశువిద్యలో అర్హతాపత్రం తప్పనిసరి. వేతనం ఇతర ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులతో సమానం. తరగతిలో 20 మందికి మించరాదు, పది మందికి ఒక పెద్దవారు ఉండాలి. చేర్చాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. టల్సా నగరంలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనాలు అక్షరజ్ఞానంలోనూ లెక్కల్లోనూ ప్రయోజనాన్ని నమోదు చేశాయి.

రెండు దేశాల సంపద, జనాభా, సమస్యలు వేరు. ఓక్లహోమా నమూనాను యథాతథంగా తెచ్చుకోవాలని ఈ వ్యాసం అనడం లేదు. అక్కడి క్రమాన్ని గమనించాలన్నదే ఉద్దేశం. వారు ముందు ఉపాధ్యాయురాలి స్థానాన్ని నిర్ణయించి, తరువాత తలుపు తెరిచారు. మనం ముందు కేంద్రాన్ని తెరిచి, ఉపాధ్యాయురాలి స్థానాన్ని అనిర్ణీతంగా వదిలేశాం. మన 2013 జాతీయ శిశుసంరక్షణ విద్యా విధానం కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఇరవై మందికి ఒక పెద్దవారు అన్న నిష్పత్తిని చెప్పింది. విధానపత్రంలో ఉన్న ఆ అంకెకు చట్టబలం లేదు.

8. అంగన్‌వాడీని ఎల్‌కేజీగా మార్చడం పరిష్కారమా?

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న కాలాన్ని ఒకే పునాది దశగా గుర్తించింది. 2030 నాటికి నాణ్యమైన పూర్వప్రాథమిక విద్య సార్వత్రికం కావాలని లక్ష్యం పెట్టింది. ఇంటర్మీడియట్ ఆపై చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని శిక్షణను సూచించింది. శిశువిద్యను విద్యావ్యవస్థలో అంతర్భాగంగా చూడడం ఆహ్వానించదగినదే. 2022లో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన పాఠశాలల పునర్వ్యవస్థీకరణలో అంగన్‌వాడీలు పీపీ-1, పీపీ-2 తరగతులుగా బడి నిచ్చెనలో మొదటి మెట్లయ్యాయి.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, పేరు మారి పని విభజన మారకపోవడం. పీపీ-1 చెప్పే వ్యక్తే రేషన్ పంచుతూ, పోషణ్ ట్రాకర్ నింపుతూ, గృహసందర్శన చేస్తూ ఉంటే శిక్షణ ఎంత ఇచ్చినా దాన్ని వాడే గంట ఆమెకు దొరకదు.

రెండోది, ప్రైవేటు ఎల్‌కేజీని ఆదర్శంగా పెట్టుకోవడం. తల్లిదండ్రుల ఆశలను తక్కువ చేయరాదు. ఇంగ్లీషు పద్యం చెప్పే బిడ్డలో వారు ఒక భవిష్యత్తును చూస్తారు. కానీ ఒకటో తరగతిని రెండేళ్లు ముందుకు జరపడం శిశువిద్య కాదు. ఈ విషయంలో అమెరికాలోని టెన్నెసీ అనుభవం హెచ్చరికగా నిలుస్తుంది. పేద కుటుంబాల పిల్లల కోసం ఆ రాష్ట్రం నడిపిన పూర్వప్రాథమిక కార్యక్రమంపై వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ఆ కార్యక్రమంలో చదివిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి చదవని పిల్లలకంటే పరీక్షల్లో వెనుకబడ్డారు. దీనికి కారణాలపై పరిశోధకుల్లో చర్చ ఉంది. ప్రభుత్వం పూర్వప్రాథమిక తరగతిని తెరిచినంత మాత్రాన మేలు జరిగి తీరుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదని అది తేల్చింది.

ఈ సందర్భంలో అంగన్‌వాడీకి ప్రైవేటు ఎల్‌కేజీకి లేని బలం ఒకటుంది. కార్యకర్త అదే ఊరి మనిషి. ఆమె మాట పిల్లల ఇంటి మాట. కోయ, గోండి, సవర భాషలు మాట్లాడే ఆవాసాల్లో ఈ అంశం మరింత విలువైనది. అక్కడి బిడ్డకు తెలుగే రెండో భాష. ఆ భాష తెలిసిన స్థానిక కార్యకర్త ఉన్నచోట బిడ్డ బడి భాషలోకి భయం లేకుండా నడుస్తుంది. పాటలు, పొడుపుకథలు, గిల్లికజ్జాల ఆటలు, గింజలతో లెక్కలు ఆ ముంగిట్లో ఉన్న సామగ్రే. తారాబాయి మోదక్ ఆలోచన ఇక్కడ తిరిగి ప్రస్తుతమవుతుంది. దీన్ని పక్కన పెట్టి ముద్రిత వర్క్‌బుక్కును ముందుకు తెస్తే అంగన్‌వాడీ తనకు ఉన్నదాన్ని పోగొట్టుకుని, తనకు లేనిదానితో పోటీపడవలసి వస్తుంది.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. అంగన్‌వాడీ సార్వత్రికత కేంద్రాల విస్తరణలో చాలావరకు సిద్ధించింది. హక్కుగా అది ఆహారానికే పరిమితమైంది. చదువు ప్రమాణం విషయంలో ఇంకా మొదలు కావలసే ఉంది.

2. ఆహారానికి చట్టం 'ఇవ్వాలి' అన్నది, పూర్వప్రాథమిక విద్యకు 'చేయవచ్చు' అన్నది. 86వ సవరణ ఆరేళ్ల లోపు పిల్లలను విద్యాహక్కు వెలుపల ఉంచడం ఈ తేడాకు మూలం. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌ను ప్రభుత్వ బాధ్యతగా మార్చకుండా 2030 లక్ష్యానికి నిలకడ ఉండదు.

3. బోధన లోపానికి కార్యకర్త శ్రద్ధ కంటే ఆమెకు దొరికే సమయం ప్రధాన కారణం. పూర్వప్రాథమిక విద్యకే పరిమితమైన రెండో ఉద్యోగిని నియమించడం ఆహార సేవలకూ మేలు చేస్తుందని తమిళనాడు ప్రయోగం సూచిస్తున్నది.

4. 'గౌరవ వేతనం' అనే భావన కొనసాగినంతకాలం బోధనను వృత్తిగా చూడడం సాధ్యం కాదు. 2022 తీర్పు ఆ పనిని విద్యాకార్యంగా గుర్తించింది. వేతన విధానం ఆ గుర్తింపును అందుకోవలసి ఉంది.

5. ప్రైవేటు ఎల్‌కేజీని అనుకరించడం అంగన్‌వాడీకి మార్గం కాదు. ఇంటి భాష, ఆట, స్థానికత దాని బలాలు.

కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో మనం విద్యా ప్రమాణాల గురించి చర్చించేటప్పుడు సాధారణంగా పదో తరగతి దగ్గర, మరీ వెనక్కి వెళితే ఒకటో తరగతి దగ్గర ఆగుతాం. మన తరగతి గదిలోకి వచ్చే మొదటితరం విద్యార్థుల్లో చాలామంది తొలి బడి అంగన్‌వాడీయే. అక్కడ వారికి అన్నం దక్కింది. చదువు అందరికీ ఒకేలా దక్కలేదు. ఆ తేడాను మనం ఆనర్సు తరగతిలో భాషాసామర్థ్య లోపంగా చూసి బాధపడుతున్నాం. తెలుగు రాష్ట్రాల్లో అంగన్‌వాడీ బోధన సమయంపై, పిల్లల భాషావికాసంపై ప్రాజెక్టు స్థాయి పరిశోధనలు రావలసిన అవసరం ఉంది. భాషాశాస్త్ర, విద్యాశాస్త్ర శాఖలు కలిసి చేపట్టవలసిన పని ఇది.

అంగన్‌వాడీలో చదువు చెప్పరని అనే తల్లి ప్రశ్న న్యాయమైనది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది రిజిస్టర్ల మధ్య కూర్చున్న టీచరమ్మ కాదు. ఆమె చేతికి ఇన్ని పనులిచ్చి, చదువు చెప్పే గంటను ఎవరి లెక్కలోనూ వేయని వ్యవస్థ.